వెళ్లబోయే పిల్లలు ఇంకా ఇక్కడే ఉన్నారు

మన తిరువూరులో అమెరికా మాట వినిపించని ఇల్లు ఇప్పుడు తక్కువ. మామిడి తోటలున్నవాళ్ల ఇంట్లోనూ అదే మాట, మిరపో పత్తో కౌలుకు వేసుకునేవాళ్ల ఇంట్లోనూ అదే మాట. ఒకరి అబ్బాయి డల్లాస్‌లో, ఒకరి కోడలు న్యూజెర్సీలో. రిటైరైన మాస్టారిని కదా, ఏదో తెలుసునని నా దగ్గరికి సలహాకి వచ్చే తల్లిదండ్రులు ఈమధ్య ఎక్కువగా రెండు రకాలు. మొదటివాళ్లు అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ, బిడ్డను ఇక్కడ అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంచినవాళ్లు. మూడు వారాల సెలవు మీద వచ్చి, "ఈసారి తీసుకెళ్లిపోదామనుకుంటున్నాం మాస్టారూ, వాడేమో మా దగ్గరికే రావట్లేదు" అంటారు. రెండోవాళ్లు ఇక్కడివాళ్లే. పదో తరగతి పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "వీణ్ణి ఎలాగైనా బయటికి పంపాలి, ఏం చదివించమంటారు?" అని అడుగుతారు.

రెండూ వేరువేరు ప్రశ్నలే. అయినా ఎంతోమందితో కూర్చుని మాట్లాడాక నాకు అనిపించేది, రెండింటి కిందా ఒకే ఆలోచన ఉందని. పిల్లల అసలు బతుకు ఎక్కడో ముందుంది, ఇప్పుడు ఇక్కడ గడిచేది దానికోసం ఓపిక పట్టాల్సిన కాలం అని మనం అనుకుంటున్నాం. బస్సు కోసం నిలబడ్డవాళ్లు బస్టాండును ఎలా చూస్తారో, ఉన్న ఊరిని మన పిల్లలకు అలా చూపిస్తున్నాం. ఇందులో ప్రేమ లేదని అనను. ప్రేమ వల్లే ఇదంతా. ఆ ప్రేమ పిల్లల లోపలికి వెళ్లి ఏమవుతోందన్నదే మనం కలిసి చూడాల్సింది.

ముందు చిన్నపిల్లల సంగతి చూద్దాం.

అరుణా మిల్లర్ పేరు మీరు వినే ఉంటారు. పుట్టింటి పేరు కాట్రగడ్డ అరుణ. 2023 జనవరి 18న అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా భగవద్గీత మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. ఆ రోజు మన పత్రికలన్నీ మన ఆడపడుచు అని పెద్ద అక్షరాలతో రాశాయి. మనకూ గర్వంగానే అనిపించింది. కానీ నాకు ఆ ప్రమాణం కంటే, ఆమె చాలా వేదికల మీద చెప్పుకున్న ఏడేళ్ల వయసు సంగతులు ఎక్కువ గుర్తుండిపోయాయి.

1964లో హైదరాబాదులో పుట్టింది. తండ్రి ఇంజనీరు, అమెరికాలో ఐబీఎంలో పనిచేశాడు. ఆయన వెనకే కుటుంబం వెళ్లినా ఈ పిల్ల మాత్రం కొంతకాలం ఇక్కడే, ఇంటి పెద్దావిడ పెంపకంలో ఉండిపోయింది. 1972లో, ఏడేళ్లప్పుడు, అక్కడికి చేరింది. దిగేసరికి మంచు పడుతోందట. అంతకుముందెప్పుడూ మంచు చూడని పిల్ల, తనకు స్వాగతం చెప్పడానికి జనం రంగుకాగితం ముక్కలు చల్లుతున్నారనుకుందట. బడిలో ఒక్కరూ తెలియదు, ఇంగ్లీషు ముక్క రాదు. మధ్యాహ్నం పిల్లలందరూ చల్లటి పాలు తాగుతున్నారు. మన ఇళ్లలో పాలంటే కాచినవే కదా. తనూ ఆ పాలు తాగితే వాళ్లలో ఒకతె అయిపోతాననుకుని గటగటా తాగేసింది. కాసేపటికి అందరి ముందూ వాంతి అయింది. సిగ్గుతో ఏడ్చింది.

పెద్దయ్యాక నవ్వుతూ చెప్పుకునే కథే ఇది. అయినా ఏడేళ్ల పిల్ల లోపల నిలబడి ఒకసారి చూడండి. స్వాగతం దొరుకుతుందని ఎంత ఆశపడిందో ఆ మంచు చెబుతుంది. తను ఉన్నట్టుగా ఉంటే చాలదని, వేరే మనిషి అయితే తప్ప తనను కలుపుకోరని ఎంత త్వరగా నేర్చేసుకుందో ఆ పాలు చెబుతాయి. ఆ నేర్పు ఎవరూ పాఠంగా చెప్పింది కాదు. ఏ పిల్లకైనా కొత్తచోట మొదటి గంటలోనే అది తెలిసిపోతుంది.

మన దగ్గరున్న పిల్లల కథ చాలావరకు ఇలా మొదలవుతుంది. కాన్పు అక్కడ జరుగుతుంది. అమ్మమ్మ విజిటర్ వీసా మీద వెళ్లి ఆరునెలలుంటుంది. ఆమె తిరిగొచ్చేటప్పటికి తల్లి మళ్లీ ఉద్యోగంలో చేరాలి, అక్కడ డే కేర్‌కు కట్టాల్సింది చూస్తే ఒకరి జీతం అందులోకే పోయేలా ఉంటుంది. దాంతో బిడ్డ అమ్మమ్మతోపాటు ఇక్కడికి వచ్చేస్తుంది. "ఏడాది" అనుకున్నది మూడేళ్లు, నాలుగేళ్లు అవుతుంది. ఇందులో ఎవరిని తప్పుపడతాం? ఆ తల్లి అక్కడ రాత్రిళ్లు ఏడవని రోజు ఉండి ఉండదు. రొమ్ములో పాలు ఉండగానే బిడ్డను పంపిన తల్లితో మాట్లాడాను. ఆమెకు నేను చెప్పగలిగింది చాలా తక్కువ.

అలాంటి ఒక పిల్ల మా బడిలో ఒకటో తరగతిలో ఉండేది. "మీ అమ్మ ఎక్కడుంటుందమ్మా?" అని అడిగితే, "ఫోన్లో" అనేది. అమెరికాలో అనేది కాదు. ఆ జవాబులో అల్లరేమీ లేదు. ఆ పిల్లకు తెలిసినంతలో నిజమే చెప్పింది. రోజూ పొద్దున్నే అమ్మ ఫోన్లో వస్తుంది, అన్నం తిన్నావా అంటుంది, ముద్దు పెడుతుంది, పోతుంది. కొన్నాళ్లకు ఫోన్ చూపించగానే అమ్మమ్మ వెనక్కి నక్కడం మొదలుపెట్టింది. "అమ్మంటే ఇష్టం లేదేమో" అని పెద్దావిడ భయపడింది. ఇష్టం లేక కాదు. ముట్టుకోవడానికి వీలులేని మనిషిని రోజూ చూడటం ఆ వయసుకు బరువు. ఆ బరువు దింపుకునే దారి ఆ పిల్లకు అదొక్కటే కనిపించింది.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పక తప్పదు. బిడ్డ ఏడవడం మానేసిందంటే అలవాటు పడిందనే అనుకోవద్దు. 1950ల్లో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, ఆసుపత్రిలో తల్లికి దూరంగా ఉంచిన రెండేళ్ల పాపను సినిమా తీశాడు. తల్లీబిడ్డల బంధం మీద పనిచేసిన జాన్ బౌల్బీ ఆయనతో కలిసి పనిచేసినవాడే. వాళ్లు గమనించింది ఏమిటంటే, తల్లికి దూరమైన పసిపిల్లలు ముందు గొడవ చేస్తారు, తర్వాత దిగులుపడతారు, ఆ తర్వాత ఏమీ పట్టనట్టు ఉంటారు. చూసేవాళ్లు ఆ మూడోదాన్ని కుదురు అనుకుంటారు. మనమూ అదే అనుకుంటాం: "మా వాడు చాలా మంచివాడండీ, అమ్మానాన్నల్ని అడగనే అడగడు."

అలాగని బెంబేలు పడనక్కర్లేదు. అమ్మమ్మ ఒడి ఏమీ తక్కువది కాదు. ఒక్క మనిషైనా తనను స్థిరంగా కనిపెట్టుకుని ఉంటే ఆ బిడ్డ నిలదొక్కుకుంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఆ ఇల్లు తాత్కాలికం అని బిడ్డకు రోజూ గుర్తుచేయడంలో. "అమెరికా వెళ్తే నీకు సైకిల్", "అమెరికా వెళ్లాక మంచి బడి", "ఇక్కడివాళ్లతో ఆడకు, భాష పాడవుతుంది". పిల్లకు ఉన్నది ఈ వాకిలే. ఈ వాకిలి అసలైనది కాదని పెద్దవాళ్లే చెబితే, ఆ పిల్ల ఎక్కడ కాలు పెట్టాలి? ఇక్కడున్న నాలుగేళ్లు పూర్తిగా ఇక్కడ ఉండనివ్వండి. పక్కింటి పిల్లల పేర్లు తెలియనివ్వండి, తోటలో కాయలు దించేటప్పుడు దుమ్ములో తిరగనివ్వండి, వినాయకచవితికి పత్రి కోసం పరిగెత్తనివ్వండి. ఒకచోట పాతుకున్నవాళ్లకే ఇంకోచోట పాతుకోవడం చేతనవుతుంది. ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు, బడిలో చేరే పిల్లల్ని ఏళ్ల తరబడి చూసి చెబుతున్నాను.

ఇక తీసుకెళ్లడం. మూడు వారాల సెలవులో మొదటి వారం చుట్టాలిళ్లు, రెండో వారం తిరుపతి, పెళ్లిళ్లు, మూడో వారం షాపింగు, తర్వాత విమానం. బిడ్డ మీ చేతికి రావడానికి ఇందులో చోటెక్కడ ఉంది? వీలైతే తల్లిదండ్రుల్లో ఒకరైనా ఓ నెలన్నర ఇక్కడే ఉండండి. మొదటి పది రోజులూ బిడ్డను ఎత్తుకోవాలని తొందరపడకండి. అమ్మమ్మ స్నానం చేయిస్తుంటే పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడండి. తర్వాత నీళ్లు మీరు పొయ్యండి. తర్వాత అన్నం మీరు కలిపి, ముద్ద అమ్మమ్మ చేత పెట్టించండి. ఇలా ఒక్కో పనీ ఆమె చేతిలోంచి మీ చేతిలోకి, ఆ పిల్ల కళ్లముందే మారాలి. తన అమ్మమ్మే ఈ కొత్త మనిషిని నమ్ముతోందని బిడ్డకు తెలియాలి.

ఇంకొకటి, దీని మీద నేను కాస్త గట్టిగానే చెబుతాను. బిడ్డ నిద్రపోతున్నప్పుడు వెళ్లిపోకండి. "చూస్తే ఏడుస్తుంది" అని మనందరం చేసే పనే ఇది. తల్లి విమానానికి బయల్దేరేటప్పుడూ ఇదే, ఆఖరికి అమ్మమ్మను వదిలించేటప్పుడూ ఇదే. నిద్ర లేచేసరికి మనిషి మాయమైపోయిన పిల్లకు, తర్వాత నిద్రంటేనే నమ్మకం పోతుంది. మధ్యాహ్నం పడుకోమంటే గోడకు జారబడి కళ్లు తెరుచుకునే కూర్చునే పిల్లవాళ్లు నాకు తెలుసు. చెప్పి వెళ్లండి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి, మీరూ ఏడవండి. చెప్పి వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారని నమ్మడం తేలిక.

అక్కడికి వెళ్లాక కొన్ని నెలలు బడిలో నోరు విప్పకపోవచ్చు. కొత్త భాషలో పడ్డ పిల్లలు చాలామంది ముందు వింటారు, చాలా రోజులు వింటారు, తర్వాతే మాట్లాడతారు. అది జబ్బు కాదు. ఆ కాలంలో ఇంట్లో తెలుగు మానేయకండి. ఇంగ్లీషు త్వరగా వస్తుందని ఇంట్లో కూడా తెలుగు కట్టిపెట్టేస్తే, మాట వచ్చిన ఒక్క చోటు కూడా పిల్లకు పోతుంది. ఇంట్లో కూడా మాట్లాడటం మానేసినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, తిండి బాగా తగ్గిపోయి వారాల తరబడి అలాగే ఉన్నా అప్పుడు మాత్రం డాక్టరుకు చూపించండి. ఇక్కడుండగానే ఇవి కనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ అది, తెలుగులోనే మాట్లాడొచ్చు. దానికి ఫోన్ చేసినంత మాత్రాన బిడ్డకు ఏదో అయిందని అర్థం కాదు. ఈ విషయంలో మన ఊళ్లలో సిగ్గు ఇంకా పోలేదు, అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు పదో తరగతి పిల్లవాడి దగ్గరికి వద్దాం. వాడు ఇందాకటినుంచి తల వంచుకుని మన మాటలు వింటూనే ఉన్నాడు.

వాడి ముందున్న దారి మనకు కంఠతా వచ్చు. జూన్‌లో తిరువూరు నుంచి మైలవరం మీదుగా విజయవాడ వెళ్లే బస్సు చూడండి: ట్రంకు పెట్టెలు, చుట్టిన పరుపులు, బకెట్లు, పక్కన తల్లి, కిటికీ వైపు మొహం తిప్పుకున్న పదిహేనేళ్ల పిల్లవాడు. "రెండేళ్లు కళ్లు మూసుకుని చదువు నాన్నా, తర్వాత అంతా నీదే." రెండేళ్ల తర్వాత, "ఇంజనీరింగు నాలుగేళ్లు ఆగు." తర్వాత, "ఎమ్మెస్ అయ్యేదాకా ఆగు." మీకు తెలియని విషయం కాదు, ఆ తర్వాతా ఆగడమే. హెచ్-1బీ వీసాలు ప్రైవేటు కంపెనీలకు ఏడాదికి 85 వేలు, లాటరీలో పేరు రావాలి. గ్రీన్ కార్డు కోటాలో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి పోకూడదని 1990 నాటి చట్టం, అందుకే మనవాళ్లు ఏళ్లూ పూళ్లూ లైన్లో ఉన్నారు. బతకడాన్ని వాయిదా వేయడం పదిహేనో ఏట అలవాటు చేస్తే, నలభయ్యో ఏట కూడా ఆ అలవాటు పోదు. అక్కడ పెద్ద ఇల్లు కొనుక్కుని, పక్కింటివాళ్లెవరో తెలియకుండా ఉంటున్న మన పిల్లల్ని మీరే నాకు చూపించారు, "వాడు ఎవరితో కలవడు మాస్టారూ" అని.

పరాయి దేశం వెళ్లి అక్కడి జనం నమ్మకం సంపాదించినవాళ్ల బతుకులు చూస్తే ఒకటి కనిపిస్తుంది. వాళ్లు ఎక్కడుంటే అక్కడి సంగతి తమ సంగతే అనుకున్నారు. చివుకుల ఉపేంద్ర 1950లో నెల్లూరులో పుట్టి, మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1970ల్లో అమెరికా వెళ్లాడు. ఆయన రాజకీయం వాషింగ్టన్‌లో మొదలవలేదు. 1997లో న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిలుకు ఎన్నికయ్యాడు. మన లెక్కలో వార్డు మెంబరు అనుకోండి. తర్వాత ఆ ఊరికి మేయరు, 2002 నుంచి న్యూజెర్సీ అసెంబ్లీ సభ్యుడు. 2012లో అమెరికా కాంగ్రెసుకు పోటీ చేసి ఓడిపోయాడు. 2014లో కరెంటు, గ్యాసు, నీళ్ల కంపెనీలను అదుపులో పెట్టే రాష్ట్ర బోర్డుకు కమిషనరయ్యాడు. అరుణా మిల్లర్ దారీ అంతే. సివిల్ ఇంజనీరింగు చదివి మాంట్గొమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు చేసింది. రోడ్లు, నడిచేవాళ్ల బాటలు, జనం బడికీ పనికీ భద్రంగా చేరే దారులు, ఇవీ ఆమె పని. పౌరసత్వం 2000లో వచ్చింది, అంటే దేశంలో అడుగుపెట్టిన 28 ఏళ్లకు. 2010లో రాష్ట్ర చట్టసభకు గెలిచింది, 2018లో కాంగ్రెసు సీటుకు సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడింది. ఇద్దరూ పల్లెటూళ్లో పుట్టినవాళ్లు కారు, ఇద్దరూ ఇంజనీర్లు. మన పిల్లలూ చదివేది అదే చదువు. చదువు పరంగా పెద్ద తేడా నాకు కనిపించదు.

పల్లెటూరి పిల్లవాడి కథ కావాలంటే పంజాబు వెళ్లాలి. దలీప్ సింగ్ సౌంద్ 1899లో అమృత్‌సర్ జిల్లా ఛజ్జల్‌వాడీ అనే ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులకు చదువు లేదు. కానీ ఆ చదువులేని ఇంటి పెద్దలే పూనుకుని ఊరికి బడి తెచ్చారు. ఈ ముక్క దగ్గర నేను కాస్త ఆగుతాను. ఆ ఇంటి పిల్లవాడు బడికి వెళ్లడమే కాదు, బడి ఎలా వస్తుందో కూడా చూశాడు. తన కొడుకొక్కడికే కాకుండా ఊరికంతటికీ కావాలనుకోవడం ఇంట్లోవాళ్లు చేస్తుండగా చూశాడు. ఇలాంటిది ఏ కోచింగులోనూ దొరకదు.

1920లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి వెళ్లాడు. ఇంట్లో చెప్పి వెళ్లింది పళ్లు నిల్వ చేసే చదువని. మన మామిడి రైతులు విని సంతోషించేవాళ్లే. చివరికి ఆయన 1924లో డాక్టరేటు తీసుకున్నది మాత్రం లెక్కల్లో! ఆ డాక్టరేటు చేతిలో పట్టుకుని ఏం చేశాడనుకున్నారు? ఇంపీరియల్ వ్యాలీ పొలాల్లో మేస్త్రీ పని, తర్వాత సొంతంగా లెట్యూస్ ఆకు సాగు. ఎందుకంటే 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులకు పౌరసత్వం కుదరదని తీర్పిచ్చింది. మన బంధువుల్లో ఇలా జరిగితే, "పీహెచ్‌డీ చేసి ఆకుకూరలు పండిస్తున్నాడట" అని పెళ్లిళ్లలో చెప్పుకుని జాలిపడేవాళ్లం. ఆయన మాత్రం ఆ పొలాల మధ్యే ఉపన్యాసాలిచ్చాడు, తోటి భారతీయులను కూడగట్టి చట్టం మార్చమని తిరిగాడు. 1946లో చట్టం మారింది, 1949లో పౌరుడయ్యాడు. 1950లో వెస్ట్‌మోర్‌లాండ్ అనే చిన్న ఊళ్లో జడ్జిగా గెలిస్తే, పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదని పదవి ఇవ్వలేదు. 1952లో మళ్లీ నిలబడి గెలిచాడు. ఆ ఎన్నికలప్పుడు ఒకాయన నలుగురిలో ఎకసెక్కంగా, నీ కోర్టుకు రావాలంటే తలపాగాలు నువ్వే ఇస్తావా మమ్మల్నే కొనుక్కోమంటావా అని అడిగాడు. సౌంద్ కోపగించుకోలేదు. తల మీద ఏముందో నాకు అనవసరం, లోపల ఏముందన్నదే చూస్తానన్నాడు. 1956లో అమెరికా కాంగ్రెసుకు గెలిచాడు. ఆసియా నుంచి వెళ్లిన మనిషి అక్కడి కాంగ్రెసుకు ఎన్నికవడం అదే మొదలు.

మీ పిల్లవాడు కూడా కాంగ్రెసుకు వెళ్తాడని చెప్పడానికి కాదు ఇదంతా. వెళ్లడు. వెళ్లినవాళ్లలో అత్యధికులు ఉద్యోగం చేసుకుని, అప్పు తీర్చుకుని, మామూలుగా బతుకుతారు, అందులో లోటేమీ లేదు. కాకపోతే ఈ ముగ్గురూ ఓడిపోయారు, ఆగారు, చిన్నచూపు పడ్డారు, అయినా విరిగిపోలేదు. ఆగే కాలంలో కూడా వాళ్లు బతకడం మానలేదు కాబట్టే అది సాధ్యమైందని నా నమ్మకం.

మన ఇళ్లలో దీనికి అడ్డుపడేది ఒక చిన్న మాట: "నీకెందుకు?" మొన్న తొమ్మిదో తరగతి పిల్ల తండ్రి ఒకాయన వచ్చాడు. ఆ పిల్ల వాళ్ల వీధిలో చదువురాని పెద్దవాళ్లకు బ్యాంకు ఫారాలు నింపి పెడుతుంది, పింఛను కాగితాలు చదివి చెబుతుంది. సాయంత్రం ఇంటి అరుగు మీద ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు పాసుపుస్తకాలు పట్టుకుని కూర్చుంటారట. "ఊళ్లోవాళ్ల గొడవ నీకెందుకమ్మా, లెక్కలు చేసుకో అంటే వినదు మాస్టారూ" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. రెక్కలు ముక్కలు చేసుకుని చదివిస్తున్నాడు. నేను ఒక సాయంత్రం వెళ్లి చూశాను. ఒకావిడకు సరిగ్గా వినపడదు. ఈ పిల్ల ఆమె కుడివైపుకు మారి కూర్చుని, మళ్లీ అడిగింది. సంతకం రాని ఇంకొకావిడ వేలిముద్ర వేశాక, సిరా అంటిన ఆ వేలు తన గుడ్డముక్కతో తుడిచింది. ఎంత డబ్బు తీస్తున్నదీ మిగతావాళ్లకు వినపడకుండా మెల్లిగా చదివింది. ఇంకొకరి గుట్టు కాపాడాలని ఆ పిల్లకు ఎవరు చెప్పారు? తండ్రితో ఒకటే అన్నాను: లెక్కల్లో రెండు మార్కులు తగ్గితే తగ్గనివ్వండి, ఈ అరుగు మాత్రం తీసేయకండి. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. వారానికి రెండు రోజులకు బేరం కుదిరింది. ఆ పిల్ల తర్వాత ఏమైందని అడక్కండి, ఇంకా తొమ్మిదిలోనే ఉంది.

ఇంకో కష్టమైన మాట, అప్పు గురించి. తోట తాకట్టు పెట్టి పంపుతున్నప్పుడు, పిల్లవాడికి ఆ సంగతి దాచొద్దు. అలాగని ప్రతి ఫోన్‌లోనూ గుర్తుచేయొద్దు. ఎంత తెచ్చాం, వడ్డీ ఎంత, అక్కడ కుదరకపోతే ఎలా తీరుస్తాం అన్నది ఒకసారి కూర్చోబెట్టి కాగితం మీద వేసి చూపించండి. "కుదరకపోతే వచ్చెయ్, ఈ ఇల్లుంది" అనే మాట కూడా ఆ రోజే అనండి. మన పిల్లలు పరాయి దేశంలో తమ కష్టాన్ని మనకు చెప్పకపోవడానికి పెద్ద కారణం, మనం ఓర్చుకోలేమని వాళ్లు అనుకోవడం. పద్దెనిమిదేళ్లు మనమే వాళ్లకు అలా చూపించి ఉంటాం, చిన్న మార్కుల కాగితం చూసి అన్నం మానేసి.

"అయితే వీణ్ణి రాజకీయాల్లోకి పంపమంటారా?" అని నవ్వుతూ అడుగుతారు కొందరు. కాదు. నేను అడిగేది చాలా చిన్నది. మీది పల్లెటూరైతే గ్రామసభ జరిగే రోజు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి, అరగంట చాలు. బంధువులింట్లో చావు జరిగితే "చదువు పాడవుతుంది" అని ఇంట్లో వదిలి వెళ్లకండి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాల కోసం మనమే పని మానుకుని తిరుగుతాం, వాడి సమయం మిగలాలని. వచ్చే జూన్‌లో ఇంటరులో చేరడానికి ఆ కాగితాలు ఎలాగూ కావాలి. ఈసారి సచివాలయానికి వాణ్ణే వెళ్లనివ్వండి. ఆధార్ జిరాక్సు మర్చిపోయి ఒకటికి రెండుసార్లు తిరగాల్సి వస్తే తిరగనివ్వండి. లైన్లో ముందున్నవాళ్లతో మాట కలపనివ్వండి. సాయంత్రం ఇంటికొచ్చాక పని అయిందా లేదా అని అడిగేముందు, అక్కడ ఎవరెవరు ఉన్నారు, ఎవరేం పనిమీద వచ్చారు అని అడగండి. మొదటిసారి వాడికి ఏమీ తెలిసి ఉండదు. రెండోసారి అడుగుతారని తెలిస్తే చూసి వస్తాడు.